ఇంటిని మోసే ట్రక్కు: ఎంత బరువు, ఎక్కడ బరువు?

అమెరికన్ రచయిత జాన్ స్టైన్‌బెక్ 1960లో తన దేశాన్ని మరోసారి చుట్టి చూడాలని బయల్దేరాడు. అందుకోసం ప్రత్యేకంగా ఒక ముప్పావు టన్ను జీఎంసీ పికప్ ట్రక్కు తెప్పించుకుని, దాని వెనుక తొట్టిలో పడవ గదిలాంటి చిన్న ఇల్లు అమర్చుకున్నాడు. డాన్ కిహోటె గుర్రం పేరు తెచ్చి దానికి 'రోసినాంటే' అని పేరు పెట్టాడు. తోడుగా ఛార్లీ అనే పూడిల్ కుక్కను ఎక్కించుకున్నాడు. ఆ ప్రయాణం 1962లో 'ట్రావెల్స్ విత్ ఛార్లీ' పేరుతో పుస్తకమైంది. ఆ బండి ఇప్పటికీ కాలిఫోర్నియాలోని సాలినాస్‌లో, ఆయన పేరిట వెలసిన మ్యూజియంలో ఉంది. సామాను, పుస్తకాలు అవసరానికి మించి ఎక్కించుకున్నానని స్టైన్‌బెక్ ఆ పుస్తకంలో దాపరికం లేకుండా చెబుతాడు. ఒరెగాన్ రాష్ట్రంలో, వాన కురుస్తున్న ఓ ఆదివారం నాడు, రోసినాంటే వెనుక టైరు పేలిపోయింది. సాహిత్యాభిమానులు నవ్వుకుని దాటేసే ఈ ఘట్టాన్ని వాహన ఇంజినీర్లు మాత్రం అంత తేలిగ్గా దాటలేరు. అరవై ఏళ్లు దాటినా, ఇలాంటి బండ్లలో ఎక్కువ ఇబ్బంది పడేది ఇప్పటికీ ఆ వెనుక టైర్లే.

పికప్ తొట్టిలోకి వెనుక వైపు నుంచి జార్చి కూర్చోబెట్టే ఇలాంటి గదిని 'స్లైడ్-ఇన్ క్యాంపర్' అంటారు. లోపల పొయ్యి, చిన్న ఫ్రిజ్, నీళ్ల ట్యాంకు, బల్ల ఉంటాయి. పెద్ద వాటిలో స్నానాల గది కూడా ఉంటుంది. పడక మాత్రం డ్రైవరు క్యాబిన్ పైకప్పు మీదికి ముందుకు చొచ్చుకొచ్చిన భాగంలో ఉంటుంది. నాలుగు మూలలా ఉండే జాకీలను కిందికి దించి గదిని పైకి లేపితే, ట్రక్కును దాని కింది నుంచి బయటకు నడుపుకుపోవచ్చు. అడవి అంచున ఇల్లు నిలబడి ఉంటుంది, బండి ఊళ్లోకి వెళ్లి సరుకులు తెస్తుంది. సదుపాయం బాగానే ఉంది. అయితే ఈ గదికి సొంత చక్రాలు లేవు. దాని బరువంతా, చివరి చెంచా వరకు, ట్రక్కు చక్రాల మీదే పడుతుంది.

అమెరికాలో ట్రక్కుల ప్రకటనలన్నీ ఎంత బరువు లాగగలదో గొప్పగా చెబుతాయి. ఎనిమిది వేల కిలోలు, తొమ్మిది వేల కిలోలు అంటూ పెద్ద అక్షరాల్లో వేస్తాయి. అది వెనుక తగిలించే ట్రైలరు సంగతి. ట్రైలరు తన బరువులో అధిక భాగాన్ని తన చక్రాల మీదే మోసుకుంటుంది. లాగే బండి కొక్కెం మీద సాధారణంగా అందులో పదో వంతు, కాస్త అటూ ఇటూగా, పడుతుంది. ఎద్దు లాగగలిగిన బరువును వీపు మీద మోయలేదు కదా! తొమ్మిది వేల కిలోలు లాగే ట్రక్కు తొట్టిలో రెండు వేల కిలోలు పెట్టడానికి కూడా ఆలోచించాల్సి రావడం అందుకే. క్యాంపర్ కొనేవాళ్లు ఈ ప్రకటనను పక్కన పడేసి, మరో సంఖ్య కోసం వెతకాలి.

పేరులో టన్ను, తొట్టిలో ఎంత?

అమెరికన్ పికప్‌లను అర టన్ను, ముప్పావు టన్ను, ఒక టన్ను అని మూడు తరగతులుగా పిలుస్తారు. ఫోర్డ్ కంపెనీ లెక్కలో ఇవి ఎఫ్-150, ఎఫ్-250, ఎఫ్-350. షెవర్లే, రామ్ కంపెనీల్లో 1500, 2500, 3500. ఒకప్పుడు ఈ పేర్లు మోయగల బరువును సూచించేవి. ఇప్పుడు వాటికీ బరువుకూ సంబంధం తెగిపోయింది. నేటి అర టన్ను బండి అర టన్ను కంటే ఎక్కువే మోస్తుంది. ఒక టన్ను బండ్లలో రెండు టన్నులు దాటి మోసేవీ ఉన్నాయి. కాబట్టి పేరు చూసి కొనడం శుద్ధ దండగ.

చూడాల్సింది డ్రైవరు వైపు తలుపు చట్రం మీద అంటించి ఉండే స్టిక్కరు. అందులో 'గ్రాస్ వెహికల్ వెయిట్ రేటింగ్' అనే పరిమితి ఉంటుంది. బండి, అందులో మనుషులు, ఇంధనం, సామాను అన్నీ కలిపి ఎంత బరువుకు మించకూడదో అది చెబుతుంది. మన ఆర్‌సీ పుస్తకంలో ఖాళీ బండి బరువు, లోడుతో కలిపిన బరువు అని రెండు అంకెలుంటాయి కదా, అందులో రెండోదానికి ఇది సమానం. ఈ పరిమితి నుంచి బండి అసలు బరువు తీసేస్తే మిగిలేది మోయగల బరువు, అంటే పేలోడ్. తేలికపాటి ట్రక్కుల మీద మనుషులు, సామాను కలిపి ఇన్ని కిలోలు మించరాదని సూటిగా చెప్పే మరో స్టిక్కరు కూడా ఉంటుంది. ఆ అంకెలో డ్రైవరు బరువు కూడా కలిసి ఉంటుందన్న విషయం చాలామందికి తట్టదు.

ఒకే మోడల్, ఒకే రంగు, పక్కపక్కనే నిలబెట్టిన రెండు ట్రక్కుల పేలోడ్ ఒకటే కానక్కర్లేదు. పెట్రోలు ఇంజిన్ కన్నా డీజిల్ ఇంజిన్ కొన్ని వందల కిలోలు బరువు. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే అమరిక, నాలుగు తలుపుల క్యాబిన్, తెరుచుకునే గాజు పైకప్పు, తోలు సీట్లు... మొత్తం బరువు పరిమితి మారకపోతే ఇవన్నీ పేలోడ్‌ను కొరుక్కు తినేవే. షోరూమ్‌లో అన్నింటికన్నా ఖరీదైన బండి అన్నింటికన్నా తక్కువ మోయడం ఇక్కడ వింతేమీ కాదు. అందుకే బ్రోచర్లో ఉన్న గరిష్ఠ అంకె ఎవరికీ పనికిరాదు. కొనబోయే ఆ ఒక్క బండి తలుపు మీదున్న అంకెనే నమ్మాలి.

ఇప్పుడు క్యాంపర్ వైపు లెక్క. ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. నలుగురున్న కుటుంబం బ్రోచర్లో 1150 కిలోలని రాసిన క్యాంపర్‌ను ఇష్టపడింది. వాళ్ల దగ్గర ముప్పావు టన్ను డీజిల్ ట్రక్కు ఉంది. దాని మొత్తం పరిమితి 4536 కిలోలు, సొంత బరువు 3300. అంటే 1236 కిలోలు మోయగలదు. 1150 కంటే 1236 ఎక్కువే కదా, సరిపోయినట్టే అనిపిస్తుంది.

కానీ ఆ 1150 అన్నది ఖాళీ గది బరువు. ఏసీ, పందిరిలా విప్పుకునే గుడ్డ, జాకీలు వంటి అదనపు సామగ్రికి 150 కిలోలు వేసుకోవాలి. నీళ్ల ట్యాంకులో 150 లీటర్లు పడితే అది సరిగ్గా 150 కిలోలు. లీటరు నీళ్లు కిలో బరువన్నది బడిలో నేర్చుకున్న సంగతే అయినా క్యాంపర్ కొనేటప్పుడు ముందుగా మరిచిపోయేది అదే. వంటకు రెండు చిన్న ప్రొపేన్ సిలిండర్లు, ఇనుముతో కలిపి 34 కిలోలు. బ్యాటరీలు 60. ట్రక్కుకు క్యాంపర్‌ను కట్టిపడేసే గొలుసులు, బిగింపులు 40. బట్టలు, బియ్యం, గిన్నెలు, కుర్చీలు, పిల్లల సైకిళ్లు కలిపి 200. నలుగురు మనుషులు 280. అన్నీ కూడితే 2064 కిలోలు. ట్రక్కు మోయగలిగింది 1236 మాత్రమే. సరిపోతుందనుకున్న బండి మీద అదనంగా ఎనిమిది వందల కిలోలకు పైగా పడ్డాయి.

ఇక్కడ ఒక తమాషా ఉంది. ముప్పావు టన్ను, ఒక టన్ను ట్రక్కులు ఇంజిన్‌లో, చాసిస్‌లో చాలావరకు కవలలే. అయినా ముప్పావు టన్ను బండ్ల పరిమితి తరచుగా 4536 కిలోల దగ్గర ఆగిపోతుంది. అది పది వేల పౌండ్లు. అమెరికా వర్గీకరణలో రెండో తరగతి ట్రక్కులు అక్కడితో ముగిసి మూడో తరగతి మొదలవుతుంది. తరగతి మారితే కొన్నిచోట్ల రిజిస్ట్రేషన్ రుసుములు, నిబంధనలు కూడా మారతాయి. అంటే స్టిక్కరు మీది అంకెలో ఇనుము బలంతో పాటు కాగితాల లెక్క కూడా కలిసి ఉంటుంది. దీన్ని పట్టుకుని 'అసలు బలం ఉంది, స్టిక్కరు ఉత్తదే' అని వాదించేవాళ్లు ఎక్కడైనా దొరుకుతారు. ఒక్కోసారి ఆ వాదనలో కొంత నిజం ఉండొచ్చు. కానీ తన బండిలో ఏ భాగం ఆ అంకె దగ్గర నిజంగా ఆగిపోతుందో బయటి నుంచి చూసి యజమాని తేల్చలేడు. ప్రమాదం జరిగాక బీమా కంపెనీ చూసేది కూడా స్టిక్కరునే.

ఎడ్లబండి నడిపినవాళ్లకు తెలిసిన లెక్క

మన కుటుంబం పై తరగతి ట్రక్కుకు మారిందనుకుందాం. పరిమితి 5500 కిలోలు, సొంత బరువు దాదాపు అదే 3300. మోయగలిగేది 2200. కావలసింది 2064. ఇక చింత లేదనిపిస్తుంది. కానీ బరువు ఎంతన్నది సగం ప్రశ్నే. ఎక్కడ కూర్చుందన్నది మిగతా సగం.

రెండు చక్రాల ఎడ్లబండికి బస్తాలు ఎత్తే రైతు ఈ సంగతి ఎవరూ చెప్పకుండానే పాటిస్తాడు. బరువు ఇరుసుకు వెనక్కి పోతే కాడి పైకి లేచి ఎద్దుల మెడ తాళ్లు బిగుసుకుంటాయి. ముందుకు ఎక్కువైతే మెడలు వంగిపోతాయి. అందుకే బస్తాలను ఇరుసుకు కాస్త ముందుగా సర్దుతాడు. నాలుగు చక్రాల ట్రక్కుకూ ఇదే సూత్రం. వెనుక ఇరుసు ఆధారం అవుతుంది, ముందు చక్రాలు ఎద్దుల స్థానంలో ఉంటాయి.

ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లు అనుకుందాం. మనుషులను మినహాయిస్తే క్యాంపర్, అందులోని సామాను కలిపి 1784 కిలోలు. దీని గరిమనాభి వెనుక ఇరుసుకు 20 సెంటీమీటర్లు ముందుంటే, బరువులో 95 శాతం, అంటే సుమారు 1695 కిలోలు, వెనుక ఇరుసు మీద పడతాయి. మిగిలిన 89 కిలోలు ముందు చక్రాలకు వెళతాయి. అదే గరిమనాభి ఇరుసుకు 20 సెంటీమీటర్లు వెనక్కి ఉంటే వెనుక ఇరుసు మీద 1873 కిలోలు పడతాయి. క్యాంపర్ బరువు 1784 అయితే ఇరుసు మీద 1873 ఎలా వచ్చాయి? ఆ అదనపు 89 కిలోలు ముందు చక్రాల మీద నుంచి ఎత్తేసినవి. బండి దారి మళ్లించేవీ, బ్రేకు వేసినప్పుడు ఎక్కువ పని చేసేవీ ముందు చక్రాలే. వాటి మీద బరువు తగ్గితే రోడ్డు మీద పట్టు తగ్గుతుంది, స్టీరింగ్ తేలిపోతుంది.

టైర్ల దగ్గరికి వస్తే ఈ 40 సెంటీమీటర్ల తేడా గీతకు ఇటు ఉంటారో అటు ఉంటారో తేలుస్తుంది. ఇలాంటి ట్రక్కు టైరు పక్కన 125/122 వంటి సంఖ్యలుంటాయి. మొదటిది టైరు ఒంటరిగా ఉన్నప్పటి భార సూచిక, రెండోది జంటగా బిగించినప్పటిది. ప్రామాణిక పట్టికలో 125 అంటే 1650 కిలోలు, 122 అంటే 1500. వెనుక రెండు టైర్లున్న బండికి గరిష్ఠంగా 3300 కిలోలు. ఖాళీ ట్రక్కు వెనుక ఇరుసు మీద 1400 కిలోలు ఉన్నాయనుకుందాం. దానికి మనుషుల బరువులో సగం, అంటే 140, కలపాలి. గరిమనాభి ముందున్నప్పుడు మొత్తం 3235. టైర్లు మోస్తాయి. వెనక్కి ఉన్నప్పుడు 3413. పరిమితి దాటిపోయింది. అదే ట్రక్కు, అదే క్యాంపర్, అవే టైర్లు.

పైగా ఆ 1650 కిలోలు అనేది నిండా గాలి ఉన్నప్పటి మాట. ఈ రకం టైర్లలో చాలావాటికి 80 పీఎస్‌ఐ గాలి ఉండాలి. గాలి తక్కువైనా, బరువు ఎక్కువైనా టైరు పక్క గోడలు ప్రతి చుట్టుకూ మరింతగా వంగి లేస్తాయి. ఆ వంపులో ఖర్చయిన శక్తి రబ్బరులో వేడిగా మిగులుతుంది. వేగంగా గంటల కొద్దీ నడిస్తే ఆ వేడి లోపలి పొరలను విడదీస్తుంది. టైరు పేలడం క్షణంలో జరిగినట్టు కనిపించినా చాలాసార్లు దాని వెనుక కొన్ని వందల కిలోమీటర్ల వేడి ఉంటుంది.

దీన్ని తప్పించుకోవడానికే బరువైన క్యాంపర్లు మోసేవాళ్లు వెనుక నాలుగు టైర్లుండే ట్రక్కుల వైపు మొగ్గు చూపుతారు. వీటిని అక్కడ 'డ్యూయలీ' అంటారు. జంటగా ఉన్నప్పుడు ఒక్కో టైరు సామర్థ్యం కొంచెం తగ్గించి లెక్కించినా, నాలుగూ కలిస్తే రెండింటికన్నా చాలా ఎక్కువ. ఒకటి పేలినా పక్కది ఆసరాగా నిలుస్తుంది. అప్పుడు పరిమితి టైర్ల నుంచి ఇరుసుకో, స్ప్రింగులకో మారుతుంది. ఇరుసుకు వేరే పరిమితి ఉంటుంది, అదీ తలుపు స్టిక్కరు మీదే కనిపిస్తుంది. ఇబ్బంది అల్లా వెడల్పు. ఇరుకు సందుల్లో, అడవి బాటల్లో, పార్కింగ్‌లో వెడల్పాటి వెనుక భాగం విసిగిస్తుంది. అంత బరువు లేని క్యాంపర్‌కు డ్యూయలీ కొనడం అనవసరమే.

తొట్టి పొడవు కూడా ఈ తులాదండం లెక్కలోకే వస్తుంది. పికప్ తొట్టెలు సుమారుగా అయిదున్నర, ఆరున్నర, ఎనిమిది అడుగుల పొడవుల్లో దొరుకుతాయి. ఎనిమిది అడుగుల తొట్టికి చేసిన క్యాంపర్‌ను ఆరున్నర అడుగుల తొట్టిలో పెడితే అడుగున్నర బయటికి వేలాడుతుంది. గరిమనాభి కూడా అంతే దూరం, సుమారు 45 సెంటీమీటర్లు, వెనక్కి జరుగుతుంది. పై ఉదాహరణలో గీత దాటడానికి 40 చాలు. నీళ్ల ట్యాంకు వెనుక గోడ దగ్గరుంటే పరిస్థితి ఇంకా చెడుతుంది.

అమెరికా రవాణా శాఖ ఈ విషయాన్ని కొనేవాడి అదృష్టానికి వదిలేయలేదు. ట్రక్కు తయారీదారు తొట్టిలో క్యాంపర్ గరిమనాభి ఏ హద్దుల మధ్య ఉండాలో బొమ్మతో సహా ఇవ్వాలి. క్యాంపర్ తయారీదారు నీళ్లు, గ్యాసు నిండి ఉన్నప్పటి బరువును రాసి అంటించాలి, గరిమనాభి ఎక్కడో చెప్పాలి. 1970ల నుంచీ ఉన్న నిబంధన ఇది. ట్రక్కు పుస్తకంలోని హద్దుల మధ్యకు క్యాంపర్ మీది గుర్తు వస్తుందో లేదో టేపుతో కొలిచి చూడడానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఈ వ్యవహారం మొత్తంలో ఇంత తక్కువ శ్రమకు ఇంత ఎక్కువ ఫలితమిచ్చే పని మరొకటి కనిపించదు.

ఎత్తు తెచ్చే తంటా

మదనపల్లె టమాటా మార్కెట్ నుంచి పెట్టెలు పేర్చుకుని వెళ్లే పికప్ మలుపులో ఒరిగితే చూసేవాళ్ల గుండె గుభేలుమంటుంది. క్యాంపర్ ట్రక్కు ఎప్పుడూ ఆ స్థితిలోనే నడుస్తుంది.

బండి బోల్తా పడే గుణాన్ని కొలవడానికి ఒక సులువైన నిష్పత్తి ఉంది. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరాన్ని గరిమనాభి ఎత్తుకు రెట్టింపుతో భాగించాలి. అమెరికా రహదారి భద్రతా సంస్థ వాహనాల బోల్తా రేటింగులకు ఆధారంగా తీసుకునేది దీన్నే. చక్రాల మధ్య 1.72 మీటర్లు, గరిమనాభి నేల నుంచి 0.72 మీటర్ల ఎత్తులో ఉన్న ఖాళీ ట్రక్కుకు ఇది సుమారు 1.19 వస్తుంది. నేల నుంచి 1.7 మీటర్ల ఎత్తున గరిమనాభి ఉన్న మన క్యాంపర్‌ను దాని మీద పెడితే మొత్తం గరిమనాభి 1.06 మీటర్లకు ఎక్కుతుంది. నిష్పత్తి 0.81కి పడిపోతుంది. పక్కకు నెట్టే బలం బండి బరువులో 81 శాతానికి చేరితే, కాగితం మీద లెక్క ప్రకారం, లోపలి వైపు చక్రాలు నేలను వదులుతాయి. నిజం బండిలో స్ప్రింగులు, టైర్లు వంగి గదిని బయటికి ఒరగనిస్తాయి కనుక అంతకంటే ముందే లేస్తాయి.

50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకు 40 కిలోమీటర్ల వేగంతో వెళితే ఆ బలం బరువులో 25 శాతం. 60లో 57 శాతం. 70లో 77 శాతం. వేగం వర్గంతో పెరగడం అంటే ఇదే. ఖాళీ ట్రక్కు ఆ మలుపులో మరీ వేగంగా వస్తే ముందు టైర్లు కీచుమని జారతాయి, డ్రైవరుకు హెచ్చరిక అందుతుంది. బరువెక్కిన క్యాంపర్ ట్రక్కుకు జారే హద్దూ, బోల్తా పడే హద్దూ దాదాపు ఒకేచోటికి వస్తాయి. హెచ్చరికకు వ్యవధి మిగలదు.

జారుడును, అదుపు తప్పడాన్ని పసిగట్టి ఒక్కో చక్రానికి విడిగా బ్రేకు వేసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌ను అమెరికా 2012 మోడళ్ల నుంచి తేలికపాటి వాహనాలన్నింటికీ తప్పనిసరి చేసింది. ఆ నిబంధన కూడా 4536 కిలోల దగ్గరే ఆగుతుంది. అంతకు మించిన పెద్ద ట్రక్కుల్లోనూ ఈ పరికరం దొరుకుతుంది. అయినా పాత ఒక టన్ను బండి కొనేవాళ్లు అది ఉందో లేదో అడిగి తీరాలి.

ఊగుడు తగ్గించడానికి జనం మొదట చేసే పని అదనపు స్ప్రింగులో, గాలి సంచులో వేయించడం. అవి వెనుక భాగాన్ని పైకి లేపుతాయి, హెడ్‌లైట్లు ఆకాశంలోకి కాకుండా రోడ్డు మీదికి చూస్తాయి. మలుపులో ఒరగకుండా కాసే గట్టి యాంటీ-రోల్ బారు మరీ మంచిది. పరిమితికి లోబడి ఉన్న బండికి ఇవన్నీ మేలే చేస్తాయి. పరిమితి దాటిన బండికి చేసేది మాత్రం మోసమే. బండి సమంగా నిలబడి అంతా బాగున్నట్టు కనిపిస్తుంది, టైర్లు, బేరింగులు, బ్రేకులు, ఇరుసు మాత్రం మునుపటివే.

కట్టు గురించి ఒక మాట. క్యాంపర్‌ను తొట్టి అంచులకు కాకుండా చాసిస్‌కు కట్టడం మేలు. ఫోర్డ్ 2015లో ఎఫ్-150కి, 2017లో పెద్ద ట్రక్కులకు అల్యూమినియం బాడీలు వాడడం మొదలుపెట్టాక ఈ సలహాకు ఇంకా విలువ పెరిగింది.

కొండ దిగేటప్పుడు

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సెలవుల్లో వెళ్లే చోట్లలో కొలరాడో కొండలు ఒకటి. అక్కడి ఐసెన్‌హోవర్ సొరంగం సముద్ర మట్టానికి సుమారు 3400 మీటర్ల ఎత్తులో ఉంది. అదే రహదారి మీద తూర్పున ఉన్న డెన్వర్ నగరం 1600 మీటర్ల ఎత్తులో ఉంది. ఎక్కేటప్పుడు మామూలు పెట్రోలు ఇంజిన్ పలుచని గాలిలో ఆయాసపడుతుంది. ప్రతి 300 మీటర్లకు మూడు శాతం చొప్పున శక్తి తగ్గుతుందని అంచనా వేస్తారు. టర్బో ఉన్న డీజిల్ ఇంజిన్‌కు ఆ బాధ తక్కువ. కానీ ఎక్కడం పెద్ద సమస్య కాదు. మెల్లగా వెళ్లొచ్చు.

దిగడమే సమస్య. 5364 కిలోల బండి వెయ్యి మీటర్లు దిగితే సుమారు 5 కోట్ల 25 లక్షల జౌళ్ల స్థితిజ శక్తి ఎక్కడికో ఒకచోటికి పోవాలి. కొంత గాలి తీసుకుంటుంది, మిగిలింది బ్రేకుల్లోనో ఇంజిన్‌లోనో వేడిగా మారాలి. క్యాంపర్‌లోని 150 లీటర్ల నీటిని 20 డిగ్రీల నుంచి మరిగే దాకా కాచడానికి అంత వేడి చాలు. దాన్నంతా పళ్లేలంత బ్రేకు డిస్కుల్లోకి దించితే అవి వేడెక్కి పట్టు కోల్పోతాయి. తక్కువ గేరులో ఇంజిన్ చేత బండిని పట్టి ఉంచితే ఆ వేడి పొగగొట్టం, రేడియేటర్ల ద్వారా బయటికి పోతుంది. డీజిల్ ట్రక్కుల్లో ఉండే ఎగ్జాస్ట్ బ్రేక్ ఈ పనికే పెట్టినది. తిరుమల ఘాట్ రోడ్డు దిగే డ్రైవర్లు పెద్ద గేరులోకి మారనిది ఎందుకో, ఇక్కడా అందుకే. కొండ ప్రాంతాల్లో తిరగాలనుకునేవాళ్లు డీజిల్ తినేసే పేలోడ్‌ను భరించడానికి ఒప్పుకునేది ప్రధానంగా ఈ ఒక్క ప్రయోజనం కోసమే. మైదానాల్లో తిరిగేవాళ్లకు పెట్రోలు బండి చవక, తేలిక.

గాలి నిరోధం వేగం వర్గంతో పెరుగుతుంది. 90 నుంచి 110కి వెళితే దాదాపు ఒకటిన్నర రెట్లు. గోడలా నిలబడిన క్యాంపర్ ముఖానికి ఇంధన ఖర్చులో అది బాగా తెలుస్తుంది. విద్యుత్ పికప్‌లకు ఇది రెండు వైపుల దెబ్బ. బ్యాటరీ బరువు పేలోడ్‌ను తింటుంది, గాలి నిరోధం ఒక చార్జితో వెళ్లే దూరాన్ని తింటుంది. ప్రస్తుతానికి వాటికి పైకప్పు మడిచే తేలికపాటి క్యాంపర్లే తగినవి. నిజానికి అర టన్ను ట్రక్కులన్నింటికీ అవే తగినవి. గుడ్డ గోడలతో పైకి లేచి, ప్రయాణంలో కిందికి దిగే ఈ రకం బరువునూ ఎత్తునూ ఒకేసారి తగ్గిస్తుంది.

భారతదేశంలో ఇలాంటి గదిని పికప్‌కు తగిలించాలనుకునే ఉత్సాహవంతులు పెరుగుతున్నారు. భౌతికశాస్త్రం మారదు, చట్టం మారుతుంది. 1988 నాటి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ తయారీదారు నిర్దేశించిన రూపాన్ని యజమాని మార్చకూడదంటుంది. 2019లో సుప్రీంకోర్టు దాన్ని గట్టిగా సమర్థించింది. ఇళ్లలా వాడే మోటారు క్యారవాన్లకు ఏఐఎస్-124 అనే విడి ప్రమాణం ఉంది. పరిమితికి మించిన లోడుకు 2019 సవరణ తర్వాత జరిమానా 20,000 రూపాయలు, ఆపై అదనపు టన్నుకు 2,000. వర్క్‌షాపులో అడ్వాన్సు ఇచ్చే ముందు రవాణా కార్యాలయంలో రాతపూర్వకంగా అడగడం మంచిది.

క్రమం కూడా ముఖ్యం. చాలామంది ముందు నచ్చిన ట్రక్కు కొని, తర్వాత దానికి పట్టే క్యాంపర్ కోసం వెతుకుతారు. ముందు క్యాంపర్‌ను తేల్చుకుని, నీళ్లు, మనుషులతో సహా దాని బరువు లెక్కగట్టి, ఆ తర్వాత ట్రక్కు దగ్గరికి వెళ్లడం సరైన వరస. ఇప్పటికే ట్రక్కు ఉన్నవాళ్లు దాని తలుపు స్టిక్కరును ఫొటో తీసుకుని క్యాంపర్ల దుకాణానికి వెళ్లొచ్చు. మోయగల బరువులో పది, పదిహేను శాతం మిగిలేలా ఎంచుకుంటే రెండో ప్రయాణానికి చేరే కొత్త సామానుకు చోటుంటుంది. అది చేరకుండా ఉండదు.

కొన్నాక చేయాల్సిన చివరి పని కాటా. అమెరికా రహదారుల పక్కన లారీలు ఆగే చోట్ల ఒక్కో ఇరుసును విడిగా తూచే కాటాలుంటాయి. నీళ్ల ట్యాంకు నింపి, గ్యాసు పెట్టి, సామాను సర్ది, అందరూ ఎవరి సీట్లలో వాళ్లు కూర్చుని దాని మీదికి వెళ్లాలి. చీటీ మీద ముందు ఇరుసు, వెనుక ఇరుసు, మొత్తం అని మూడు అంకెలొస్తాయి. క్యాంపర్ లేని రోజున తూచిన చీటీ పక్కన పెట్టి చూస్తే ముందు ఇరుసు బరువు పెరిగిందో తగ్గిందో తెలుస్తుంది. తగ్గితే గరిమనాభి వెనక్కి పోయిందని అర్థం. వెనుక ఇరుసు అంకె టైర్ల పరిమితి దాటితే ముందుగా నీళ్లు ఖాళీ చేయాలి. విడిది చేరాక అక్కడి కుళాయి దగ్గర మళ్లీ నింపుకోవచ్చు.